పార్లరక్క నేర్పిన నిలకడ

పార్లరక్క పోయిందన్న కబురు నాకు డ్యూటీలో ఉండగా బస్సులోనే తెలిసింది. పొద్దున రెండో ట్రిప్పు. ఇబ్రహీంపట్నం నుంచి బయల్దేరి శేరిగూడలో ఆగితే, రోజూ అక్కడ ఎక్కే పాలామె క్యాన్లు లోపల పెట్టకముందే నా చెయ్యి పట్టుకుంది. "నీకు తెల్వదా? పార్లరక్క లేదంట. పొద్దుగాల్ల చాయ్ తాగుకుంటనే కుర్సీల పక్కకు ఒరిగిందంట. గంతే" అంది.

రైట్ చెప్పాల్సిన మనిషిని నేనే. ఆ మాట మరిచి పాలామె క్యాన్లు లోపలికి లాగుతూ ఉండిపోయాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏమైందక్కా, పోవాల్నా వద్దా?" అని కేకేశాడు. "పోనియ్" అన్నాను. కళ్లల్లో కారం కొట్టినట్టున్నా సరే, బస్సు నిండా జనాన్ని పెట్టుకుని మధ్యలో దిగిపోవడానికి ఇదేమన్నా కిరాణా కొట్టా, షట్టర్ దించేసి వెళ్లడానికి! ఎల్బీ నగర్ దాకా ఏడుస్తూ టికెట్లు కొట్టాను, ఏడుస్తూనే చిల్లర ఇచ్చాను. తిరిగొచ్చి, డిపోలో టికెట్ల ట్రే అప్పగించి, అక్క ఇంటికి ఉరికేసరికి వాకిట్లో నీళ్లు చల్లేసి ఉన్నాయి. అప్పటికే తీసుకుపోయారు. చివరి చూపు దక్కలేదు. అందుకే ఇలా కాగితం మీద ఆమెను చూసుకుంటున్నాను, మీరూ ఒకసారి చూడండి.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో, ఎరువుల దుకాణం పైన ఒక గది ఉంది. గులాబీ రంగు పరదా, రెండు అద్దాలు, ఒక తిరిగే కుర్చీ. అదే ఆమె బ్యూటీ పార్లరు. బోర్డు మీద ఏదో పేరుండేది కానీ ఊరందరికీ ఆమె పార్లరక్కే. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. పెద్ద చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల. చిన్నతనంలోనే హైదరాబాదులో ఒక చైనా వాళ్ల పార్లరులో ఊడ్చే పనికి కుదిరింది. వాళ్లు ఏనాడో కలకత్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కత్తెర పట్టడం, దారంతో కనుబొమలు తీయడం అక్కడే నేర్చుకుంది.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉండేదట. పొద్దున్నే డాబా ఎక్కి, చేతులు గాలిలో మెల్లగా తిప్పుతూ, కాలు కదిలిందో లేదో తెలియనంత నిదానంగా అడుగులు వేస్తూ ఒక సాధన చేసేదట. వేన్నీళ్ల ఫ్లాస్కు ఇవ్వడానికి పైకి వెళ్లిన మా అక్క అక్కడే నిలబడిపోయేది. "చీనా అవ్వ ముందల చేస్తుండె, నేను నీళ్లట్యాంకు చాటుకు చేస్తుంటి. ఒకనాడు అవ్వ ఎనక్కి తిరగకుండనే 'మోకాలు వంగలే' అన్నది. గంతే, ఆ పొద్దుకెంచి షాగిర్దునైన" అని, తను శిష్యురాలైన సంగతి చెప్పి నవ్వేది. దాన్ని తాయ్‌చీ అంటారనీ, అది యుద్ధవిద్యేననీ, కాకపోతే కండబలంతో కాకుండా లోపలి నుంచి చేసేదనీ శేరిగూడ ఇంజినీరింగు కాలేజీ పిల్లలు తర్వాత చెప్పారు. అక్క మటుకు దాన్ని "నిమ్మలం" అనేది. "పొద్దుగాల నిమ్మలం జేసినవా?" అంటే అదే.

ఇక నా సంగతి. నేను సాగర్ రోడ్డు మీద కండక్టరును. నా నోటి గురించి ఆ రూటులో ఎవర్నడిగినా చెబుతారు. పెద్దనోటు చేతిలో పెట్టి కిటికీలోంచి బయటికి చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ రోజుల్లో రోడ్డు వెడల్పు చేస్తున్నారు, బొంగ్లూరు దగ్గర రింగు రోడ్డు వంతెన లేస్తోంది, ఎటు చూసినా ప్లాట్లకు హద్దురాళ్లు. మొరం నింపుకున్న టిప్పర్లు అత్తగారి సొమ్మన్నట్టు రోడ్డు మీద తిరిగేవి. అలాంటిదొకటి మా బస్సుకు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు కొట్టాడు. నా రెండు చేతులూ టికెట్ల మీద ఉన్నాయి. బస్సు మధ్యలోంచి ఎగిరి వచ్చి ఇంజను మూత మీద పడ్డాను. మెడకింది ఎముక విరిగింది.

ఎముక అతుక్కుంది. అతుక్కోనిది వేరే ఉంది. మళ్లీ డ్యూటీ ఎక్కిన రోజు బస్సు కదలగానే నా ఎడమ చెయ్యి పోయి పైన రాడ్‌ను పట్టుకుంది. వదలమంటే వదలదు! నా చెయ్యే, నా మాట వినదు. ఒంటి చేత్తో టికెట్ చింపేదెట్లా, చిల్లర లెక్కపెట్టేదెట్లా? "ఓ మేడం, రాడ్ పట్టుకునుడేనా, టికెట్ గొట్టేదున్నదా?" అని జనం నవ్వేవారు. టికెట్ తీసుకోకుండానే దిగిపోయేవాళ్లు దిగిపోయేవారు. తనిఖీ వాళ్లు ఎక్కి అలాంటి వాణ్ని ఒక్కణ్ని పట్టుకుంటే పోయేది వాడు కాదు, నేను. మా ఆయనది సెంట్రింగు పని, ఉంటే ఉంది లేకుంటే లేదు. ఇల్లు నడిచేది నా ఉద్యోగం మీదే.

ఆ దిగుల్లో ఉండగానే మా ఆడబిడ్డ కూతురి పెళ్లి వచ్చింది. కనుబొమలు తీయించుకుందామని పార్లరుకు పోయాను. దారం పెట్టేటప్పుడు కంటి పైనా కిందా చర్మాన్ని మన చేతులతోనే లాగిపట్టుకోవాలి కదా. నా కుడి చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి కుర్చీని పట్టుకుని రాలేదు. అక్క దారం ఒక కొస పళ్ల మధ్య పెట్టుకుని వంగిన మనిషి, అలాగే ఆగిపోయింది. దారం నోట్లోంచి తీసి, "కుర్సీ యాడికీ పోదు చెల్లె, ఇడిశిపెట్టు" అంది.

"ఇడిశిపెడుదామనే ఉంది. అది ఇడుస్తలేదు" అన్నాను. అని, ఏమైందో ఏమో, ముక్కూమొహం తెలియని మనిషి ముందు బోరున ఏడ్చాను. టిప్పరు దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆమె ఓదార్చలేదు. అయ్యో పాపం అనలేదు. ఒక గ్లాసు వేడినీళ్లు చేతిలో పెట్టి, నా కాళ్లకేసి చూసి, "నీ ఒళ్లు ఈడున్నది. నీ పానం ఇంక గా టిప్పర్ కాడనే ఉన్నది. రెండు ఒక్క తాన ఉంటెనే మనిషి నిలవడేది. పొద్దుగాల డ్యూటీకి ముందు డాబా మీదికి రా" అంది. ఆ వేడినీళ్లు ఆమెకు చీనా అవ్వ చేసిన అలవాటు. ఎండాకాలంలో కూడా చల్లటి నీళ్లు తాగగా నేను చూడలేదు.

డాబా మీద మేమొక గుంపు ఆడవాళ్లం. పాలామె, ఒక అంగన్‌వాడీ టీచరు, టైలరింగు చేసే అక్కాచెల్లెళ్లు. మొదటి రోజు ఊరికే నిలబడమంది. నిలబడ్డాను. నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఏడ ఒరుగుతున్నవే? ఆడ సీటు లేదు" అంది. అందరూ పక్కున నవ్వారు. నిజమే, కండక్టర్లం బస్సులో తుంటిని సీటు అంచుకు ఆనించి నిలబడతాం. డాబా మీద సీటు లేకపోయినా నా తుంటి గాలికి ఆని ఉందట! ఒంటికి అలవాటైన వంకర మనకు తిన్నగానే అనిపిస్తుందని ఆ రోజు తెలిసింది.

ఇంకో తమాషా చెబుతాను. చీనా అవ్వ నేర్పిన వరుసలో అందరూ ఒకే దిక్కుకు తిరిగి చెయ్యాలి. మేం ఎన్నిసార్లు వరుసగా మొదలుపెట్టినా, కాసేపటికి గుండ్రంగా అయిపోయేవాళ్లం. వంగి చేతులు దగ్గరికి తెచ్చే చోట ఎవరో ఒకరు చప్పట్లు కొట్టేసేవారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బతుకమ్మ ఆడిన ఒళ్లు కదా, నలుగురు ఆడవాళ్లు కలిసి వంగితే దానికి తెలిసిన దారి అదొక్కటే. అక్క కొన్నాళ్లు మొత్తుకుంది. తర్వాత, "ఛల్, గుండ్రమే కానియ్యిండ్రి. అవ్వ సూస్తే నెత్తి కొట్టుకుంటది" అని తనే మధ్యలోకి వచ్చి నిలబడింది. చప్పట్లు మాత్రం మాన్పించింది.

ఆమె చెప్పే పాఠం చిన్నది. ఒక కాలు నిండు, ఒక కాలు ఖాళీ. నిండు బిందెలోంచి ఖాళీ బిందెలోకి నీళ్లు వంచినట్టు, బరువును ఒలకకుండా ఈ కాలి నుంచి ఆ కాలికి పంపాలి. మనసు ముందు పోవాలి, ఊపిరి దాని వెంట, నడుం ఊపిరి వెంట. చెయ్యి అన్నింటికంటే చివర. "నువ్వు చెయ్యిని ముందల తోలుతవ్, మనసేమో ఇంట్ల పడుకుంటది" అని నన్ను తిట్టేది. మరోసారి, "ఉరికెటోడు పడ్తడు, ఊగెటోడు నిలవడ్తడు" అంది. అప్పుడు ఊరు ఊరంతా ఉరుకుతోంది. నిన్న దాకా మడి దున్నినవాడు ఇవాళ తెల్ల చొక్కా వేసి ప్లాట్లు చూపిస్తున్నాడు. ఒక బ్రోకరైతే పార్లరుకొచ్చి, చైనా యోగా సెంటరు అని బోర్డు పెట్టుకో అక్కా, తుక్కుగూడ వెంచర్ వాళ్లనందర్నీ పంపిస్తానన్నాడు. "వాళ్లు ఉరుకుడు ఆపినంక తోలుకరా" అని పంపేసింది.

ఇంత మెల్లటిది యుద్ధమెట్లా అవుతుందని నాకు లోపల అనుమానం ఉండేది. ఒకరోజు మణికట్టుకు మణికట్టు ఆనించి, "తోయి" అంది. నిండు బస్సులో ఫుట్‌బోర్డు మీది మగాళ్లను లోపలికి నెట్టిన చెయ్యి నాది, తక్కువేం తినలేదు కదా, ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోశాను. తోస్తే అక్కడ ఎవరూ లేరు. పోయి ఆరేసిన తువ్వాళ్లలో పడ్డాను, తీగతో సహా. ఆమె ఉన్నచోటే ఉంది. నడుం ఒక్కటే కొద్దిగా తిరిగింది. "నేను నిన్నేం జెయ్యలే. నువ్వు తెచ్చినది నువ్వే తీస్కపోయినవ్" అంది.

"ఎన్నడన్న నిజంగ పనికొచ్చిందా అక్కా, గీ కొట్లాట?" అని అడిగాను, తువ్వాలు నెత్తిమీద నుంచి తీసుకుంటూ.

"ఒకసారి వచ్చింది. బస్సుల ఒకడు ఎనకకెంచి మీద మీద పడ్తుండె. నేను జర పక్కకు జరిగిన. ఆడు పోయి డ్రైవర్ ఒళ్లె కూసున్నడు."

అలా నెలలు గడిచాయి. చెయ్యి రాడ్‌ను వదలడం నేర్చుకుంది. పూర్తిగా కాదు. తిన్నగా పోయే రోడ్డులో సైతం ఒక్క వేలు రాడ్‌కు తగులుతూ ఉండాలి. ఆ ఒక్క వేలితో నేను బతికిపోయాను, టికెట్లన్నీ కొట్టేదాన్ని, జనం నవ్వడం మానేశారు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "గా ఒక్క ఏలు ఎందుకే?" అనేది. "ఉండనియ్యక్కా, నీకేం బోతది" అనేదాన్ని.

అలా ఉండగా ఆమె పడింది. పార్లరులో ఒక పిల్లకు కనుబొమలు తీస్తుంటే నోట్లోంచి దారం జారిపోయిందట. మూతి పక్కకు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దవాఖాన నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ఆమెకు ఇల్లూ వాకిలీ అన్నీ తమ్ముడి కుటుంబమే. మరదలు కన్నతల్లిలా చూసుకుంది, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది.

నాకైతే కాళ్ల కింద నేల లేదు. నిలబడటం నేర్పిన మనిషే పడిపోతే, ఇక నేనెంత? మర్నాడు బస్సు కదలగానే నా చెయ్యి పిడికిలితో సహా రాడ్ మీదికి పోయింది. మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ జనం నవ్వులు. తనిఖీ వాళ్లు ఎక్కి టికెట్ లేని మనిషిని పట్టుకున్నారు. డిపోలో పిలిచి, ఇంకోసారి ఇట్లా అయితే ఇంటికి పోవాల్సి వస్తుందని చెప్పారు. వాళ్ల తప్పేం లేదు, టికెట్ కొట్టని కండక్టరును ఏ డిపో మాత్రం మోస్తుంది?

అక్కను చూడబోయాను. కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. ఎడమ చెయ్యి గాలిలో మెల్లగా లేస్తోంది, తిరుగుతోంది, దిగుతోంది. నిమ్మలం చేస్తోంది! కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. "ఇంక గదే చేస్తున్నవా? ఏం లాభమక్కా, ఇన్నేండ్లు చేసి ఏం లాభం? ఒళ్లు, పానం ఒక్కటే అంటివి. సగం ఒళ్లు ఇననే ఇనదాయె. గిదంత అబద్ధమేనా?" అన్నాను. మరదలు గుడ్లురిమింది.

అక్క ఒక పక్క నోటితో నవ్వింది. మాటలు ముద్దగా వచ్చేవి, ఆగి ఆగి. "బండి ఇరిగితె... తొవ్వ అబద్ధమైతదా?" అంది. ఒళ్లోని చేతిని చూపించి, "దీనికి గూడ చెప్తున్న. ఇనవడుతదో లేదో. చెప్పుడు నా పని." తర్వాత నా ఎడమ అరచెయ్యి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇనుము వాసన" అంది. పొద్దంతా రాడ్ పట్టిన చెయ్యి అది. నేను తల దించుకున్నాను. ఆమె చాయ్ తాగి పొమ్మంది.

ఆ తర్వాత ఆమె కర్ర పట్టుకుని లేచింది. గోడ వెంట నడిచింది. పడిపోయిన కాలు పూర్తిగా రాలేదు, కానీ దాని మీద నిలబడగలిగేంత వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం బస్టాండులో నా బస్సు దగ్గరికి మరదలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎల్బీ నగర్‌లో దవాఖానకు పోవాలట. మరదలిని ఆడవాళ్ల సీట్లో కూర్చోబెట్టి, కర్ర ఆమెకిచ్చి, తను మాత్రం నడవలో నా ఎదురుగా నిలబడింది.

"కూసో అక్కా" అన్నాను.

"నిలవడ్త."

"పిచ్చి లేసిందా? బ్రేక్ గొడితె బొక్కలు ఏరుకోవాలె. పడితె నా మీదికొస్తది, ఇప్పటికే నా నౌకరి దారం మీదున్నది. కూసో!"

జనం కూడా కూర్చో పెద్దమ్మా అని అరిచారు. ఆమె విననే లేదు. మంచిగున్న ఎడమ అరచేతిని తెచ్చి నా కుడి మణికట్టు మీద పెట్టింది, డాబా మీద పెట్టినట్టే. పట్టుకోలేదు, ఊరికే ఆనించింది. నా ఎడమ చెయ్యి రాడ్ మీద పిడికిలి బిగించి ఉంది. దానివైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. "రైట్ చెప్పు" అంది.

చెప్పాను. బస్సు కదిలింది. శేరిగూడలో కాలేజీ పిల్లలు ఎక్కారు. నేను ఒక్క టికెట్ కొట్టలేదు. కళ్లన్నీ ఆమె కాళ్ల మీదే. చచ్చుబడిన కాలు మలుపులో వణికింది, మంచి కాలు నిండింది. మళ్లీ కుదుటపడింది. ఆమె మొహంలో మటుకు భయమన్నది లేదు. నా గుండె దడ ఆమె అరచేతికి తెలుస్తూనే ఉండాలి. "ఊపిరి" అంది మెల్లగా. విడిచాను.

బొంగ్లూరు వంతెన దగ్గర ఒక ఆటో మా ముందుకు దూరింది. డ్రైవరు బ్రేకు కొట్టాడు. బస్సంతా ఒక్కసారి ముందుకు విసిరేసినట్టయింది. అక్క కాలు లేచిపోయింది, మనిషి మొత్తం వచ్చి నా మీద పడింది. నేనేం చేశానో నాకు తెలియదు. తెలిసే వ్యవధి ఎక్కడిది! నడుం తిరిగింది. వెనక కాలు నిండింది. ఆమె బరువు నా ఛాతీ మీద నుంచి, తుంటి మీద నుంచి, మడమలోకి, బస్సు అడుగు రేకులోకి దిగిపోయింది. బస్సు ఆగింది. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో డ్రైవరును తిడుతున్నారు. అక్క నా రెండు చేతుల మధ్య ఉంది, పైట కూడా చెదరలేదు.

తల ఎత్తి, సగం నోటితో, "రాడ్ యాడున్నదే?" అంది.

చూశాను. రాడ్ వెనక ఎక్కడో ఉంది. నా రెండు చేతులూ ఆమె చుట్టూ ఉన్నాయి. బస్సంతా చూస్తుండగా ఆమెను అలాగే పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. "ఏం మనిషివే నువ్వు, సస్తే ఏం జేద్దువు" అని తిట్టాను కూడా. ఆమె నా వీపు మీద మెల్లగా తట్టి, "ఇగ కూసుంట. టికెట్లు గొట్టుకో పో, ఎవ్వలూ తీసుకోలే" అంది.

సీట్లో కూర్చోబెట్టి, ముందు నుంచి వెనక దాకా నడిచి, రెండు చేతులతో టికెట్లు కొట్టుకుంటూ తిరిగి వచ్చేసరికి తుర్కయాంజాల్ దాటింది. అక్క నిద్రపోయింది. తల కిటికీకి ఆనలేదు, మరదలి భుజానికీ ఆనలేదు. బస్సు ఎటు ఊగితే అటు ఊగుతోంది, గుంతలు వస్తే గుంతలతో పాటు లేచి దిగుతోంది. నేను ఆమె సీటు పక్కన, దేన్నీ పట్టుకోకుండా, నిలబడ్డాను. ఎల్బీ నగర్ వచ్చింది. జనమంతా దిగిపోయారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. నాకు ఆమెను లేపబుద్ధి కాలేదు.